నూటపదిహేడో సిలిండరు

"నానే సంపీసినాను బాబూ. ఎన్నిసార్లు సెప్పమంటారు?" అంది కూర్మమ్మ.

షెడ్డు గుమ్మం పక్కన గోడకు జేరబడి కూర్చుంది. నలభై అయిదేళ్లుంటాయి. ఒంటి మీద నిన్నటి చీరే. పక్కన ఖాళీ చేపల బుట్ట.

ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో నేరం ఒప్పుకున్నవాళ్లను నలుగురినో అయిదుగురినో చూశాను. అంతా వకీలు చెబితే ఒప్పుకున్నవాళ్లే. అడక్కుండానే, ఎదురొచ్చిన ప్రతివాడికీ చెప్పుకుంటూ కూర్చున్న మనిషిని చూడడం ఇదే మొదలు. అలాంటివాళ్ల మాట నేను చచ్చినా నమ్మను.

"విన్నారుగా. ఇక మీరు వైజాగ్ నుంచి ప్యాసింజరెక్కి వచ్చి కొత్తగా కనిపెట్టేదేముంది?" అన్నాడు సీఐ మురళీమోహన్.

నా పేరు గణపతిరావు. ఆకాశంలో ఉండే ఓజోన్ పొరను కాపాడడం నా ఉద్యోగం. ఈ మాటంటే మా ఆవిడ తరఫు చుట్టాలు ఇప్పటికీ నవ్వుతారు. పాత ఫ్రిజ్జుల గ్యాసు గాల్లో కలిస్తే ఆ పొరకు చిల్లు పడుతుంది. అందుకని మన దేశం 2010కల్లా ఆ గ్యాసు తయారీ మానేసింది. మానేసినా దొంగదారిన వచ్చేదాన్ని పట్టుకోవడానికి మా ఆఫీసులో ముగ్గురం ఉన్నాం. ముగ్గురిలో ఒకరు ఎప్పుడూ సెలవులో ఉంటారు.

నన్నెవరూ పిలవలేదు. నిన్న, నవంబరు 13 మంగళవారం, నౌపడలో చేపల వ్యాను యంత్రం పేలి మెకానిక్ అసిరయ్య చనిపోయాడని పేపర్లో నాలుగు లైన్లు వేశారు. మూడో లైన్లో 'ముందు తెల్లటి పొగ వచ్చి, తర్వాత మంట లేచింది' అని ఉంది. ఆ తెల్లటి పొగ చూసి రైలెక్కాను. షెడ్డుకు చేరేసరికి మధ్యాహ్నం 3.30.

మురళీమోహన్ తన కథను వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాడు. "వ్యాను పెట్టె చల్లబడటం లేదని అసిరయ్య కంప్రెసర్ ఊడదీశాడు. 10.50కి అందులో ఉన్న గ్యాసు గాల్లోకి వదిలేశాడు. అది షెడ్డంతా నిండింది. 11.40కి అతని భార్య, ఈవిడ, నోట్లో చుట్టతో గుమ్మంలోకి వచ్చింది. భగ్గుమంది. ఆరిన చుట్టముక్క గుమ్మంలోనే దొరికింది. నిర్లక్ష్యం వల్ల మరణం, మూడొందల నాలుగు ఏ. సాయంత్రానికి రిమాండ్ రిపోర్టు."

కథ బాగానే ఉంది. మురళీమోహన్ తెలివితక్కువవాడైతే రెండు ప్రశ్నలతో చింపేసి పోయేవాణ్ణి. అతను తెలివైనవాడు, పైగా ఎక్కడినుంచో బదిలీ మీద వచ్చి మూడు నెలలే అయింది. ఆ రెండోదే నాకు పనికొచ్చింది.

కూర్మమ్మ ఎదురుగా గొంతుక్కూర్చున్నాను.

"నిన్న ఎన్నింటికి వచ్చావమ్మా?"

"గుణుపూరు రైలుబండి ఎలిపోనాక. సేపలమ్మీసి, టీ పట్టుకొచ్చినాను."

"ఎక్కడ నిలబడ్డావు?"

"ఇక్కడే, గుమ్మంకాడ. లోపలికి రావద్దన్నాడు. నా కాళ్లకి సేపల నీరు ఉన్నాదని." ఆమె తన పాదాల వైపు చూసుకుంది. "ఎప్పుడూ అలాగే కసిరీవోడు."

లేచి గుమ్మం నుంచి అసిరయ్య పనిచేసే బల్ల దాకా అడుగులు కొలిచాను. తొమ్మిది. మధ్యలో దూలానికి ఎవరో ఎండిన నైలాను వల వేలాడదీశారు. ఈ కొస నుంచి ఆ కొస దాకా వేళ్లతో తడిమాను. ఒక్క పోగు కూడా కరగలేదు.

"చుట్ట నోట్లోనే ఉందా?"

"ఉన్నాది."

"ఏ కొస నోట్లో పెట్టుకున్నావు?"

మురళీమోహన్ నవ్వాడు. "చుట్టకు ఏ కొసేమిటండీ? నిప్పులేని కొస."

కూర్మమ్మ అతని వైపు వింతగా చూసింది. చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి పెద్ద ఆఫీసరుకు తెలియకపోతే చూసే చూపు అది. బొడ్లోంచి చుట్ట తీసి, వెలిగించకుండానే తిప్పి చూపించింది. వెలిగే కొస నోటి లోపలికి పోయింది.

"అడ్డపొగ," అన్నాను. "ఈ ఒడ్డున ఆడవాళ్లు చుట్ట ఇలాగే కాలుస్తారు సీఐగారూ. నిప్పు నోట్లో ఉంటుంది. సముద్రపు గాలికి ఆరదు, బుట్టలో చేపల మీద బూడిద రాలదు. మా అమ్మ అరవై ఏళ్లు కాల్చింది. అమ్మా, నాలిక చూపించు."

ఆమె నోరు తెరిచింది. నాలుక మధ్యలో రూపాయి బిళ్లంత బొబ్బ.

"ఇది ఎప్పుడు కాలింది?"

"అది పేలినప్పుడు. నోరు మూసీసినాను. నిప్పు లోపలే ఉండిపోనాది. నొప్పి తెల్లేదు బాబూ."

"చుట్ట ఎప్పుడు పారేశావు?"

"ఆడికాడికి పరిగెడతా ఉమ్మీసినాను."

మురళీమోహన్ నవ్వు ఆగింది. గుమ్మంలో దొరికిన చుట్టముక్కను కవరులోంచి తీసి మళ్లీ చూసుకున్నాడు. మసి పట్టిన కొస ఎంగిలికి తడిసి నలిగి ఉంది. రెండో కొస పొడిగా ఉంది. అతను దాన్ని నిన్నట్నుంచి తలకిందులుగా చూస్తున్నాడు.

"అయినా నిప్పు నిప్పేగా," అన్నాడు.

"నిప్పు నోట్లో పెట్టుకుని, తొమ్మిది అడుగుల దూరంలో, మధ్యలో వల కాలకుండా మొగుణ్ణి కాల్చిందా? గాలి చూశారా, ఎదురెదురు తలుపులు. 10.50కి వదిలిన గ్యాసు 11.40 దాకా మీ కోసం కాచుకుని కూర్చోదు."

"మరి ఎలా అంటుకుంది?"

దానికి జవాబు బల్ల మీదే ఉంది. కంప్రెసర్ మూత ఊడి పక్కన పడి ఉంది. ఆరు బోల్టుల్లో నాలుగు వరసగా పళ్లెంలో ఉన్నాయి, రెండు విరిగాయి. అంటే నాలుగు విప్పి అయిదో దాని మీద స్పానర్ వేసినప్పుడు పేలింది. మసి బయటకన్నా లోపలే ఎక్కువ. గోడల మీద ముగ్గుపిండిలా తెల్లటి పొడి. దాన్ని వేలితో తీసి చూశాక కింద అల్యూమినియం చెదలు తిన్నట్టు గుంటలు పడి కనిపించింది. నేను భయపడుతూ వచ్చింది ఇదే చూడబోతానని.

"డబ్బా మీద ఏ నంబరు రాసుందో తెలీదు గానీ, లోపల ఉన్నది దొంగ గ్యాసు," అన్నాను. "నిషేధం పెట్టిన పాత గ్యాసులో చవగ్గా దొరికే మిథైల్ క్లోరైడ్ కలుపుతారు. అది అల్యూమినియంతో రెండు మూడు వారాలు కాపురం చేసిందంటే లోపల ఇంకో పదార్థం పుడుతుంది. దానికి నిప్పు అక్కర్లేదు. గాలి తగిలితే చాలు, తనంతట తానే అంటుకుంటుంది. గ్యాసు వదిలేసినా అది యంత్రం అడుగునే ఉండిపోతుంది. ఎక్కించి ఎన్నాళ్లయింది?"

జవాబు గుమ్మం బయట నుంచి వచ్చింది. ఎర్రన్న, కూర్మమ్మ తమ్ముడు. పేలిన యంత్రం అతని వ్యానుదే. అక్క మొహం చూడలేక పొద్దున్నుంచీ బయటే తిరుగుతున్నాడు.

"తిత్లీ తుపానుకి కరెంటు పోనాది కదండీ. అది ఒచ్చినాక అక్టోబరు ఇరవైయేడున ఎక్కించినాడు మా బావ."

పదిహేడు రోజులు. లెక్క సరిపోయింది.

"చవగ్గా వస్తుందని కొన్నాడా?"

"సవక కాదండీ." ఎర్రన్నకు కోపం వచ్చింది. "మిగతా మెకానిక్కులు ఏదిబడితే అది ఎక్కిస్తారు. మా బావ ఆ నీలిరంగు సిలిండరే కొనీవోడు, ఆమదాలవలస నాగబాబు కొట్లో. మీ గవుర్నమెంటు వోళ్లే సెప్పినారట గదా, అదే మంచిదని. అదుగో కాయితం."

గోడ మీద అద్దం కట్టిన కాగితం ఉంది. దానికి ఎండిన బంతిపూల దండ. 'ఓజోన్ పొరకు హాని చేయని వాయువుల వాడకంలో రెండు రోజుల శిక్షణ పొందినట్టు...' కింద నా సంతకం. శ్రీకాకుళంలో ఆ రోజు నలభైమందికి పాఠం చెప్పాను. వెనక బెంచీలో కూర్చుని అన్నీ రాసుకున్న మనిషి ఒకడు లీలగా గుర్తొచ్చాడు. నేను చెప్పినట్టు చేసినందుకు చచ్చిపోయాడని అక్కడే అర్థమైంది, అయినా అప్పటికింకా సగమే అర్థమైంది.

"ఆ సిలిండరుతో ఇంకెవరి బండికైనా ఎక్కించాడా?"

"మరొక్కదానికే. హరిబాబుది. ఆడు ఇప్పుడు కొత్తవలసలో ఉన్నాడు, బండి అక్కడే తిప్పుతన్నాడు." ఎర్రన్న చెబుతూ చెబుతూ ఆగాడు. "ఆడి బండి కూడా సల్లబడ్డం లేదంట. సాయంత్రం మెకానిక్కు సేత మిషను ఇప్పిస్తాను అన్నాడు ఫోన్లో."

"ఏ సాయంత్రం?"

"ఈ సాయంత్రమేనండీ."

టైము 4.20. ఎర్రన్న హరిబాబుకు ఫోన్ చేశాడు. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాడు, మళ్లీ ఎత్తలేదు. అక్కడి మెకానిక్ ఎవడో ఎర్రన్నకు తెలీదు. కొత్తవలస నూట యాభై కిలోమీటర్లు.

"సీఐగారూ, జీపులో వైర్‌లెస్ సెట్ ఉందిగా. కొత్తవలస స్టేషన్‌కు చెప్పి ఆ బండి ముట్టుకోవద్దనండి."

"ముందు సిలిండర్ చూడండి," అన్నాడు మురళీమోహన్. తొందరేమీ లేని మనిషిలా అన్నాడు.

సిలిండరు బల్ల కింద ఉంది. లేత నీలి రంగు, మీద ఓజోన్‌కు హాని చేయని గ్యాసుకు వేసే 134 అంకె, ఏదో కంపెనీ బొమ్మ. అచ్చు అసలుదే. పడుకోబెట్టాను. అడుగు కట్టు దగ్గర రంగు అప్పటికే ఎవరో గీకేసి ఉన్నారు. ఆ గీకిన చోట ఉక్కు సుత్తితో కొట్టిన అక్షరాలు: 117. పక్కనే చిన్నగా: గ.రా.

టైము చూశాను. 4.35. ఎందుకు చూశానో తెలీదు, అలవాటు.

పట్టుకున్న ప్రతి సిలిండరుకూ అడుగున నంబరు, పట్టుకున్న ఆఫీసరు పొడి అక్షరాలు కొట్టడం మా పద్ధతి. పైన ఎన్ని రంగులు పూసినా అది పోదు. రెండేళ్ల కిందట ఒక గోడౌన్లో రెండొందల పన్నెండు దొంగ సిలిండర్లు పట్టుకున్నాను. అన్నిటికీ నా చేత్తోనే కొట్టాను. తర్వాత వాటిని కొలిమిలో కాల్చేయడానికి ఒక ఫ్యాక్టరీకి తీసుకెళ్లాను. ఆ రోజు వర్షం. కొలిమి వేడెక్కలేదు, సోమవారం కాలుస్తామన్నారు. టీ ఇచ్చారు. 'నా సమక్షంలో పూర్తిగా ధ్వంసం చేయబడినవి' అన్న కాగితం మీద సంతకం పెట్టి ఇంటికొచ్చేశాను. అలా చేయడం తప్పని అప్పుడూ తెలుసు. అందరూ అలాగే చేస్తారని కూడా తెలుసు. ఢిల్లీ వాళ్లు ఆ అంకెను నివేదికలో రాశారు. ఓజోన్ దినం నాడు బడిపిల్లలకు అదే అంకె చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను.

కాపలా కాసే కంచే చేను మేసింది. అసిరయ్యను చంపినవాడి కోసం వచ్చి, అతని బల్ల కింద నా పేరే చదువుకున్నాను.

"పొద్దున నేనే గీకాను," అన్నాడు మురళీమోహన్ పక్కన కూర్చుంటూ. గొంతు తగ్గించాడు. "గ.రా. ఎవరో కనుక్కోవడానికి రెండు ఫోన్లు పట్టాయి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను, చూడండి."

"నేను అమ్మలేదు."

"నాకు తెలుసండీ. ఆ ఫ్యాక్టరీవాడు అమ్మాడు. కానీ కాలింది అని రాసింది మీరు. ఎన్నాళ్లుంది సర్వీసు?"

"పది నెలలు."

"అందుకే చెబుతున్నా. చుట్ట అందరికీ మంచిది. మీకు మంచిది. ఆ నాగబాబు వెనక పెద్దవాళ్లున్నారు, వాళ్ల జోలికి పోనక్కర్లేకుండా నాకూ మంచిది. ఆవిడకు కోర్టులో మహా అయితే కొన్నాళ్ల శిక్ష. ఆవిడే ఒప్పుకుంటోంది కూడా."

"కొత్తవలసకు చెప్పండి ముందు."

"ఏమని చెప్పను? ఇక్కడ కారణం చుట్ట. చుట్ట అయినప్పుడు కొత్తవలసలో బండి ఎందుకు ఆపాలి? గ్యాసు అని చెబితే, ఏ గ్యాసు, ఎక్కడిది అని అడుగుతారు. మీరు కాగితం మీద రాసి ఇవ్వండి, ఈ క్షణమే సెట్‌లో చెబుతా."

నేనే కొత్తవలస స్టేషన్‌కు ఫోన్ చేయొచ్చు. జేబులోనే ఉంది. చేస్తే మొదటి ప్రశ్న, మీరెవరు. రెండో ప్రశ్న, మీకెలా తెలుసు. ఆ రెంటికీ జవాబు ఒకటే. ఫోన్ తీశాను, మళ్లీ జేబులో పెట్టుకున్నాను. పెట్టుకున్నందుకు నా మీద నాకే రోత పుట్టింది, అయినా పెట్టుకున్నాను.

కూర్మమ్మ మమ్మల్నే చూస్తోంది. మా మాటల్లో ఆమెకు కొన్నే అర్థమయ్యాయి.

"మరయితే నా సుట్ట కాదా బాబూ?"

నేను సిలిండరు మీది నంబరునే చూస్తున్నాను.

"నాలిక సూసినావు గదా. ఏటంతావు?"

ముప్ఫై ఏళ్లలో ఎన్నో అబద్ధాలు విన్నాను, పట్టుకున్నాను. మౌనంగా కూర్చుని చెప్పే అబద్ధం ఎంత తేలికో ఆ రోజు తెలిసింది. హరిబాబు సాయంత్రం అన్నాడు, సాయంత్రమంటే ఆరవుతుంది, ఏడవుతుంది, మెకానిక్కులు చెప్పిన టైముకు ఎప్పుడు వచ్చారు గనక అనుకున్నాను. పెన్షన్ గురించి అనుకున్నాను. నా వెనకాల నా పేరు ఎవరెవరు ఎలా పలుకుతారో అనుకున్నాను. పై ఆకాశం సంగతి మాత్రం ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. ఎర్రన్న ఫోన్ చేస్తూనే ఉన్నాడు. అటువైపు మోగుతున్న చప్పుడు ఇక్కడికి వినపడుతోంది.

కూర్మమ్మ నా మౌనాన్ని తనకు తెలిసినట్టే అర్థం చేసుకుంది. చేయి నేలకు ఆన్చి లేచింది. బొడ్లో ఉన్న చుట్టల కట్ట తీసి బల్ల కాళ్ల దగ్గర పెట్టింది. బుట్టను తమ్ముడికిచ్చింది.

"పదండి బాబూ. జీపెక్కించీయండి. నానూ ఆడికాడికే పోతాను, ఎప్పుడైతే ఏటి. పాపం, ఈ బాబు సెప్పలేక సెప్పలేక సూస్తన్నాడు."

నా మీద జాలి పడింది. అది భరించలేకపోయాను. గోడ మీదున్న శిక్షణ కాగితం కింద నా సంతకం, బల్ల కింద నా పొడి అక్షరాలు, మధ్యలో ఈ మనిషి.

"కాగితం ఇవ్వండి," అన్నాను.

మురళీమోహన్ నా మొహంలోకి చూశాడు. తన డైరీలోంచి ఒక కాగితం చింపి ఇచ్చాడు. సిలిండర్ నంబరు 117, నేను పట్టుకున్నది, నేను ధ్వంసమైనట్టు అబద్ధపు ధ్రువపత్రం ఇచ్చినది, ఇందులోని వాయువు వల్లే అసిరయ్య మరణించాడు, కూర్మమ్మకు సంబంధం లేదు అని రాశాను. సంతకం పెట్టాను. కింద టైము వేశాను, 5.05.

మాట ప్రకారం అతను పరుగెత్తాడు. ఆ మాట చెప్పాలి. జీపులో సెట్ అందుకుని 5.08కి కంట్రోల్ రూముకు చెప్పాడు. కొత్తవలసలో హరిబాబు చేపల వ్యాను, కంప్రెసర్ ఎవరూ విప్పకూడదు, వెంటనే మనిషిని పంపండి.

నేను కూర్మమ్మ దగ్గరకు వెళ్లాను. "నీ చుట్ట కాదమ్మా. నువ్వేమీ చేయలేదు."

ఆమె ఏడవలేదు. "మరి ముందే సెప్పలేదేటి బాబూ?" అంది.

జీపులో సెట్ గరగరమంది. మురళీమోహన్ విన్నాడు. రెండుసార్లు "మళ్లీ చెప్పండి" అన్నాడు. సెట్ పెట్టేసి మెల్లగా నడుచుకుంటూ వచ్చాడు. పోలీసువాళ్లు అలా నడిచి వస్తే ఏమిటో నాకు తెలుసు.

"పేలిందట," అన్నాడు. "అక్కడి మెకానిక్ పోయాడు. హరిబాబు కళ్లు... ఆసుపత్రికి తీసుకెళ్తున్నారు. తెల్లటి పొగ వచ్చిందట ముందు."

ఎర్రన్న చేతిలో ఫోన్ ఇంకా మోగుతూనే ఉంది. అతనికి ఆపడం తోచలేదు.

"ఎన్నింటికి?" అన్నాను.

మురళీమోహన్ చెప్పకుండా ఉండాలనుకున్నాడు. తెలివైనవాడు, లెక్క తనకూ తెలుసు. కానీ నా కళ్లలోకి చూసి చెప్పాడు.

"నాలుగూ యాభైకి."

4.35కి నేను నంబరు చదివాను. 5.05కి సంతకం పెట్టాను. మధ్యలో ఒక మనిషి కొత్తవలసలో స్పానర్ చేతిలోకి తీసుకుని, ఒకటో బోల్టు, రెండో బోల్టు విప్పుకుంటూ వెళ్లాడు. అతని పేరు కూడా నాకు తెలీదు.

"మిగతా రెండొందల పదకొండు ఎక్కడున్నాయండీ?" అని మురళీమోహన్ అడిగాడు. తుపానుకు పాడైన ఫ్రిజ్జులు, వ్యాన్లు, ఐసు పెట్టెలు మూడు జిల్లాల్లో వేలున్నాయి. నాగబాబు ఒక్కడే అమ్మి ఉండడు. నాకు తెలీదని చెప్పాను.

కూర్మమ్మ మా ముగ్గుర్నీ మార్చి మార్చి చూసింది. "ఏటయినాది? ఎవుళు పోనారు?" అంది. నా చేయి పట్టుకుని కుదిపింది. "సెప్పు బాబూ."

ఉద్యోగంలో చేరాక నేను వదిలేసిన మా అమ్మ భాష అప్పుడు నోటికి వచ్చింది. పొద్దున్నుంచీ ఆవిడ అందరికీ చెప్తున్న మాటే, నేను నమ్మనన్న మాటే.

"నానే సంపీసినాను," అన్నాను.